ఒకే చాప మీద గడిచిన చలికాలం

మట్టిలో నుంచి మమ్మల్ని లేపి, ఊపిరి పోసి, ఇంత వయసు వచ్చేదాకా చేయి విడవకుండా నడిపించిన పరలోకపు తండ్రికి ముందుగా స్తోత్రం. గొంతు ఇచ్చినవాడు ఆయనే, అవసరమైనప్పుడు ఆ గొంతును కొన్నాళ్లు తన దగ్గర దాచుకున్నవాడూ ఆయనే. రెండింటికీ స్తోత్రం. నేను రాయబోయే మాటల్లో నా గొప్ప ఏదైనా కనిపిస్తే అది ముసలితనం చేసే అల్లరి అనుకొని వదిలేయండి. మేలు ఏదైనా కనిపిస్తే అది ఆయనది.

పోయిన ఆదివారం మా కల్వకుర్తి గుడిలో చాపలు తీసేసి కుర్చీలు వేశారు. మోకాళ్ల నొప్పులవాళ్లు ఎక్కువైపోయారు, కింద కూర్చుంటే లేవడానికి ఇద్దరు పట్టవలసి వస్తోంది. అందుకని సంఘమంతా కలిసి ఆ ఏర్పాటు చేసుకున్నది. పనిలో పనిగా మా పాస్టరు అయ్యగారు ఇంకో మాట కూడా చెప్పారు, ఇకమీదట ఆడవాళ్ల వైపు, మగవాళ్ల వైపు అన్న పట్టింపు లేదు, ఏ కుటుంబం ఆ కుటుంబం కలిసి కూర్చోవచ్చు అని. నా ముందు వరుసలో కొత్తగా పెళ్లయిన జంట ఒకటి కూర్చున్నది, ఇద్దరికీ కలిపి ఒకటే పాటల పుస్తకం, పేజీ తిప్పే వంతు కోసం వాళ్లలో వాళ్లకే చిన్న తగవు. నేను నా పక్క కుర్చీలో నా పుస్తకం పెట్టి, నా భార్య కోసం జాగా ఆపి ఉంచాను. ఆమె గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, కొంగు తల మీదికి లాక్కొని లోపలికి వచ్చింది, నన్ను చూసింది, పక్కనున్న కుర్చీని చూసింది, చిన్నగా నవ్వి, నన్ను దాటి, కిటికీ పక్కన ఆడవాళ్లు కూర్చునే పాత వైపుకే పోయి కూర్చున్నది. కోపమేమీ లేదు, కాళ్లకు అలవాటైన దారి అది, అంతే. కానీ ఆ రోజు వాక్యం నా చెవికి సగమే ఎక్కింది. మిగతా సగం సేపు నా మనసు కరోనా వచ్చిన ఏడాది చలికాలం దగ్గర, మా ఇంట్లో పరిచిన ఒకే ఒక ఈతాకు చాప మీద కూర్చొని ఉండిపోయింది.

నా ఈడువాళ్లకు చెప్పవలసిన పని లేదు గానీ, మా గుళ్లలో మొదటి నుంచీ మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క, నడుమ దారి. పెళ్లినాడు అయ్యగారి ముందు ఇద్దరం పక్కపక్కన నిలబడ్డామే తప్ప, ఆ తర్వాత ఉద్యోగాలు చేసి, బిడ్డను పెంచి, రిటైరై ఇంట్లో కూర్చునేదాకా ఏ ఒక్క ఆదివారమూ నేనూ నా భార్యా పక్కపక్కన కూర్చొని దేవుని పేరు తలచుకున్నది లేదు. అది లోటు అని కూడా మాకు తోచలేదు, అందరూ అట్లాగే కూర్చుంటారు కదా.

నేను కరెంటు లైన్‌మన్‌గా చేరి, అదే శాఖలో తల నెరిపించుకున్నవాణ్ణి. నా భార్య ఆడపిల్లల హాస్టల్‌లో వంట చేసేది. మా ఇద్దరివీ పెద్ద గొంతులే. స్తంభం పైనుంచి కింద ఉన్నవాడికి వినపడేలా అరిచి అరిచి నాకు ఆ గొంతు వచ్చింది. ఆమె అయితే హాస్టల్ నిండా ఉన్న పిల్లల్ని ఒక్క కేకతో పళ్లాల ముందు కూర్చోబెట్టేది. అయినా మా ఇంట్లో సాయంత్రం కుటుంబ ప్రార్థనకు కూర్చుంటే మాత్రం వినపడేది నా గొంతు ఒక్కటే. నేను ప్రార్థన చేసేవాణ్ణి, ఆమె చివర ఆమెన్ అనేది. ఇది మా బాపు నుంచి వచ్చిన పద్ధతి. బాపు ఒక పెద్ద ఆసామి దగ్గర జీతం ఉన్నవాడు, పగలంతా ఆసామి ముందు తల వంచుకొని, నోరు అణచుకొని బతికినవాడు. ప్రభువును నమ్ముకున్న తర్వాత ఆయన గొంతెత్తి, ఎవరికీ జంకకుండా మాట్లాడగలిగిన చోటు ప్రార్థన ఒక్కటే. అందుకే మా గుడిసెలో సాయంత్రం ప్రార్థన వీధి చివరికి వినపడేది. ఇంటి పెద్ద బిగ్గరగా ప్రార్థించడం మాకు భక్తే కాదు, మర్యాద కూడా. ఆ మర్యాదను నేను ఎంత పదిలంగా మోసుకొచ్చానో, మా అవ్వకూ మా అమ్మకూ దాంట్లో ఒక్క పూటైనా వంతు రాలేదన్న సంగతిని అంత పదిలంగా మరిచిపోయాను. ఇంటి తల ప్రార్థిస్తే ఇల్లంతా ప్రార్థించినట్టే అని నా నమ్మకం.

ఇక ఆ చలికాలం సంగతి. సర్కారు పెట్టిన లాక్‌డౌన్ అప్పటికి ఎత్తేశారు. బస్సులు తిరుగుతున్నాయి, అంగళ్లు తెరిచారు, శ్రీశైలం రోడ్డు మీద రద్దీ మళ్లీ మొదలైంది. కానీ మా బిడ్డ పెట్టిన లాక్‌డౌన్ మాత్రం నడుస్తూనే ఉన్నది. బిడ్డ నార్కట్‌పల్లిలో కాపురం ఉంటుంది, దవాఖానలో నర్సు. ఆ ఎండాకాలం దవాఖానలో తాను చూసినవి మాకు చెప్పేది కాదు. చెప్పకపోవడం వల్లనే మాకు ఎక్కువ భయం వేసేది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఫోన్ చేసి పోలీసులాగా అడిగేది.

"బాపూ, గేటు దాటినవా?"

"లేదు బిడ్డా."

"అమ్మను అడుగుతా. అబద్ధం జెప్తే దొరుకుతవ్. గేటు దాటితే నా మీద ఒట్టే."

"ఒట్లు పెట్టొద్దని వాక్యంల ఉన్నది."

"వాక్యం నాకు జెప్పకు, మాస్కు వెట్టుకో."

గుడి కూడా తెరిచారు గానీ, అరవై దాటినవాళ్లు ఇంటి దగ్గరే ఉండండని అయ్యగారు చేతులు జోడించి చెప్పారు. సంఘ పెద్దనైన నేనే మొదట లోబడాలి కదా, లోబడ్డాను. కూరగాయలు గేటుకు సంచీ కట్టి వేయించుకున్నాము. ఇద్దరు మనుషులు, నాలుగు గోడలు, వెనుక చిన్న పెరడు, పొద్దుగాల మంచు, ఎనిమిదింటికల్లా పెరట్లోకి వచ్చే ఎండ.

ఆ ఎండ మా పెద్ద కాలక్షేపం. చాప తెచ్చి ఎండలో పరిచి, అది జరిగినకొద్దీ మేమూ జరుగుతూ, గోడ నీడ వచ్చి తరిమేదాకా కూర్చునేవాళ్లం. ఆమె కందికాయలు ఒలిచేది, నేను సాయం చేస్తానని కూర్చొని ఒలిచినవాటిలో సగం నోట్లో వేసుకునేవాణ్ణి. మధ్యాహ్నం జొన్నరొట్టె, పల్లీల కారం. తిన్న తర్వాత బండ మీద సుద్దతో గళ్లు గీసి, గవ్వలు తెచ్చి, పచ్చీసు. ఆ ఆటలో ఆమెకు జాలీ దయా లేవు. నా కాయ ఇంటి ముందుకు వచ్చి ఆగితే, వెనుక నుంచి వచ్చి చంపేది.

"స్తంభమెక్కుడు కాదయ్యా ఇది, జర అకల్ గావాలె," అనేది, గవ్వలు గుప్పిట్లో గలగలలాడిస్తూ.

"నువ్వు గవ్వను ఏలుతోని తిప్పినవ్. నేను జూసిన."

"సూస్తే సూసినవ్. సంఘ పెద్దవు, క్షమించాలె గదా!"

మా పక్క ఇల్లు గొర్రెల కాపరులది. మగడు మందను తోలుకొని పోతే, ఆమె పాలచెంబు గోడ మీద పెట్టి, చెంబు కంటే ఎక్కువ మాటలు పెట్టి పోయేది. నా భార్యను అక్కా అనేది, నన్ను సారూ అనేది. మేము పచ్చీసు ఆడుతుంటే గోడ మీద గడ్డం ఆనించి చూసి, పెండ్లయిన కొత్తల ఆడవలసిన ఆటలు ఇప్పుడు ఆడుతున్నారని నవ్వేది. అందులో నిజం ఉన్నది. పెళ్లయిన కొత్తలో నేను స్తంభాల మీద, ఆమె పొయ్యిల ముందు. ఆ తర్వాత ఖాళీ దొరికిందల్లా గుడి పనికి. మేము ఇద్దరం మాట్లాడుకున్నదంతా వచ్చేటప్పుడు ఉప్పు తీసుకురమ్మనీ, బిడ్డ ఫీజు కట్టారా అనీ, అంతే.

ఆదివారం ఫోన్‌లో ఆరాధన వచ్చేది. ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి నిలబెట్టి, దాని ముందు చాప పరిచేవాళ్లం. ఇంట్లో ఉన్నది ఒకటే మంచి చాప, కనుక ఇద్దరమూ దాని మీదే కూర్చోవలసి వచ్చింది. మొదటి ఆదివారం ఆమె చాప చివరికి జరిగి, మా ఇద్దరికీ నడుమ గుడిలో ఉన్నంత దారి వదిలింది. రెండో ఆదివారం ఫోన్ అద్దం చిన్నది కావడం వల్ల దగ్గరకు జరిగింది. పాట మొదలైంది. అప్పుడు నేను నా భార్య పాడటం విన్నాను. ఇది చదివి మీరు నవ్వవచ్చు. ఇన్నేళ్ల కాపురంలో వినలేదా అంటే, గుడిలో ఆడవాళ్ల వైపు నుంచి వచ్చే పాటలో ఆమె గొంతు ఒక పోగు, ఇంట్లో అయితే నా గొంతు కింద పడి నలిగిపోయే మరో పోగు. ఆ పోగు విడిగా ఎట్లా ఉంటుందో నేను ఎన్నడూ వినలేదు. చరణం చివర గొంతును సన్నగా పైకి తీసి, పొలంలో కలుపు తీసే ఆడవాళ్లు పాడే తీరుగా ఒక చిన్న మెలిక వేసేది. ఆ మెలిక ఎక్కడిదని అడిగితే, మా అక్కది, అని ఊరుకున్నది. నేనూ అంతటితో ఊరుకున్నాను.

ఆ అక్క, అంటే మా వదిన, మక్తల్ దగ్గరి పల్లెలో ఉండేది. తల్లి చిన్నప్పుడే పోతే నా భార్యను చంకన వేసుకొని పెంచింది ఆమే. పెళ్లయ్యాక తన మగడితో, అంటే మా షడ్డకుడితో కలిసి మట్టిపనికి వలస పోయింది. ఆ పక్క పల్లెలవాళ్ల బతుకు మీకు తెలియనిది కాదు. పూనా దిక్కు, బొంబాయి దిక్కు కాలువలు తవ్వుతూ, డేరాల్లో బతుకుతూ, ఏడాదికి ఒక్కసారి, క్రిస్మస్‌కు మాత్రం ఊరికి వచ్చి ఇంటికి సున్నం కొట్టి, చూరుకు కాగితపు చుక్క కట్టేవారు. నేనేమో క్రిస్మస్‌కు కల్వకుర్తి వదిలి కదలడానికి వీల్లేని సంఘ పెద్దను. వచ్చినవాళ్లకు భోజనాల ఏర్పాటు, పాటల గుంపును ఇల్లిల్లూ తిప్పే పని, దీపాల వైర్లు లాగడం కూడా నాదే, లైన్‌మన్‌ను కదా. పెళ్లిళ్లలో, చావుల్లో అక్కాచెల్లెళ్లు కలుసుకునేవారు, కలిసిన పూటే విడిపోయేవారు. వయసు మీద పడ్డాక వదిన వలస మానేసి ఊళ్లోనే ఉండిపోయింది గానీ, మా క్రిస్మస్ మాత్రం ఎప్పటిలాగే గుడి చుట్టూ తిరిగేది.

ఆ చలికాలం నేను ఇంకో పని నెత్తికెత్తుకున్నాను. గుడికి రాలేని ముసలివాళ్లందరినీ తెల్లవారుజామున ఫోన్‌లో ఒకచోట కలిపి ప్రార్థన నడపడం. వాళ్లు ఎక్కడెక్కడో దూరంగా ఉన్నారు కదా, అందుకని నేను గట్టిగా అరవాలి అని నా లెక్క. స్తంభం మీద నుంచి కిందికి అరిచినవాణ్ణి, ఫోన్‌లో నుంచి ఊళ్లు దాటించాలంటే ఎంత అరవాలి! మంచులో పెరట్లో నిలబడి అరిచేవాణ్ణి. మెల్లగా మాట్లాడినా వినపడుతుందయ్యా అని నా భార్య చెప్పింది, పక్కింటి ఆమె చెప్పింది, ఆఖరికి ఫోన్‌లో ఉన్న ఒక ముసలాయన కూడా చెప్పాడు. నేను వినలేదు. డిసెంబరు మొదట్లో ఒక పొద్దున నోరు తెరిస్తే గాలి వచ్చింది గానీ మాట రాలేదు.

ఆ రోజుల్లో గొంతు పోయిందంటే ఇల్లంతా భయమే. బిడ్డ పరీక్ష చేయించింది, కరోనా లేదన్నారు. అరిచి అరిచి గొంతు వాచింది, పండుగ వెళ్లేదాకా ఒక్క మాట మాట్లాడొద్దు, గుసగుస కూడా వద్దు, అని డాక్టరు చెప్పాడట. దేవాలయంలో ధూపం వేయడానికి పోయి మూగవాడై బయటికి వచ్చిన ఆ పాతకాలపు యాజకుడి సంగతి నాకు గుర్తుకొచ్చింది. ఆయనకు దేవదూత మాట నమ్మనందుకు, నాకేమో అరిచినందుకు.

పక్కింటి ఆమె గోడ మీద చెంబు పెడుతూ, "సారుకు నోరు వడ్డదంట గదా అక్కా! నీకిగ దినాం పండుగనే," అన్నది.

"ఏం పండుగ సెల్లె, నోరు లేకున్నా కండ్లతోని పని జెప్తున్నడు," అన్నది నా భార్య.

ఆ సాయంత్రం ప్రార్థన వేళ అయింది. ఇద్దరం చాప మీద కూర్చున్నాం. నేను ఆమె వైపు చూసి, నువ్వు చెయ్యి అని సైగ చేశాను. ఆమె నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. నేను మళ్లీ సైగ చేశాను. చాలాసేపు కొంగు అంచును వేళ్లకు చుట్టుకుంటూ కూర్చొని, ఆ తర్వాత కళ్లు మూసుకొని, పొయ్యి ముందు కూర్చొని పక్కమనిషితో మాట్లాడినట్టు మొదలుపెట్టింది.

"ప్రభువా, నాకు మాటలు రావు. ఈయన చేస్తుండె, నేను ఆమెన్ అంటుంటి. ఇప్పుడు ఈయనకు నోరు లేదు. పక్కింటి సెల్లె గొర్రెపిల్లకు కాలు ఇరిగింది, జర సూడు. మా బిడ్డ దవాఖానల ఉన్నది, దాన్ని సల్లగ ఉంచు. హాస్టల్ల నా చేతి బువ్వ తిన్న పిల్లలు ఎక్కడున్నరో ఏమో, వాళ్లను గుడ కాయి. ఈయన గొంతు మంచిగ చెయ్యి. తొందరేం లేదు గాని, నిమ్మళంగనే ఇయ్యి."

నాకు నవ్వొచ్చింది, మాట రాని నోటికి నవ్వు మాత్రం ఎట్లా వచ్చిందో. నా ప్రార్థనల్లో లోకరాజ్యాలు ఉండేవి, అధికారులు ఉండేవారు, సర్వసంఘమూ ఉండేది. గొర్రెపిల్ల కాలు ఎన్నడూ లేదు. రోజూ సాయంత్రం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. ఆమె ప్రార్థనలో రోజుకొక మనిషి దిగేవారు. ఎప్పుడో హాస్టల్‌లో జ్వరంతో పడుకున్న పిల్ల, కూరగాయలు తెచ్చే అబ్బి తల్లి, నేను స్తంభం మీద నుంచి పడ్డ ఏడాది నాకు నీళ్లు తాగించిన ఎవరో దారిన పోయే మనిషి. వీళ్లందరినీ ఆమె ఇన్నేళ్లు ఎక్కడ దాచుకున్నదో అనుకునేవాణ్ణి.

పండుగ ఇంకా వారం ఉందనగా ఒక సాయంత్రం ఆమె కొంచెం ఆగి ఈ మాటలన్నది.

"దినాం అడిగేదే మళ్ల అడుగుతున్న ప్రభువా. అక్క బతికుండంగ ఒక్క పండుగ అక్క ఇంట్ల చేసుకోనియ్యి. సుక్క గట్టిన ఇంట్ల, అక్క పక్కన పండుకొని, తెల్లారి లేశి పాశం తిననియ్యి. ఈయనకు గుడి పని ఉంటది. తప్పు వట్టకు."

ఆమె ఆగింది. ఆమెన్ అనవలసినవాణ్ణి నేను. నోరు తెరిచాను, గాలి వచ్చింది.

హాస్టల్ నుంచి వచ్చేసేటప్పుడు పిల్లలు జ్ఞాపకంగా ఇచ్చిన పలక ఒకటి ఇంట్లో ఉండేది, నా మూగనోము రోజుల్లో అదే నా నోరు. దాని మీద "దినాం అంటే ఎప్పటి నుంచి?" అని రాసి చూపించాను.

ఆమె చదివి, దీపం వైపు చూస్తూ, "బిడ్డ పుట్టకముందు సంది," అన్నది. "నీ ప్రార్థన పొడుగుంటది గదా. అది అయ్యేలోపల నాది అయిపోతుండె."

అంటే నేను గొంతెత్తి లోకాన్నంతా దేవుని ముందు పెడుతున్న ఇన్నేళ్లూ, అదే చాప కొసన కూర్చొని ఆమె సడి లేకుండా ఈ ఒక్కటి అడుగుతూ ఉన్నది. నా ప్రార్థన చివర పడిన ప్రతి ఆమెన్‌నూ నాదే అనుకున్నాను. పలక తుడిచి, "మక్తల్ పోదామా?" అని రాశాను. ఆమె దాన్ని చదివి, కొంగుతో నెమ్మదిగా తుడిచేసింది.

"గిప్పుడా? బిడ్డ సంపుతది. అక్కకు గుడ మంచిది గాదు, ముసల్ది. మనమేమన్న అంటించుకొని పోతే?"

ఆమె చెప్పింది నిజమే. ఎన్నో పండుగలు దారి తెరిచే ఉన్నది, నేను వినలేదు. విన్న ఏడాది దారి మూసి ఉన్నది.

ఆ క్రిస్మస్‌కు పొద్దున్నే ఆమె బియ్యం, బెల్లం వేసి పాశం వండింది. నేను పాత కాగితాలతో, ఈత పుల్లలతో చుక్క చేసి, వైరు లాగి, లోపల బల్బు పెట్టి చూరుకు కట్టాను. మా బిడ్డ ఎట్లాగో మక్తల్‌కు ఫోన్ కలిపింది, అక్కడ వదిన మనుమడు ఫోన్ పట్టుకొని నిలబడ్డాడు. వదినకు చెవులు సరిగ్గా పని చేయవు.

"అక్కా, నేను!"

"ఎవలూ?"

"నేనే అక్కా, పండుగ దండాలు!"

"ఎవలో సిన్నపిల్ల లెక్క మాట్లాడుతున్నది. ఓ సిన్నదానా, మా సెల్లె గిట్ట గాదు గదా?"

"నీ సెల్లెనే అక్కా!"

"అయితే ఫోన్ల ఎందుకున్నవే, ఇంట్లకు రా! పాశం సల్లారిపోతున్నది."

మనుమడు నవ్వాడు, మా బిడ్డ నవ్వింది, నేను మాట లేని నోటితో నవ్వాను. నా భార్య కూడా నవ్వింది. తర్వాత లోపలికి పోయి, పొయ్యి దగ్గర చాలాసేపు గిన్నెలు కడిగింది. కడిగినవే మళ్లీ కడిగింది.

సంక్రాంతి దాటాక జబ్బు తగ్గుముఖం పట్టింది. నా గొంతు తిరిగి వచ్చింది, కొంచెం బొంగురుగా. బిడ్డ కూడా మెత్తబడి, పోయి రండి, మాస్కులు తీయకండి, అన్నది. కారు మాట్లాడాను. సరిగ్గా ఆ వారమే అయ్యగారు ఫోన్ చేశారు, పెద్దవాళ్లు కూడా ఇక గుడికి రావచ్చు, వచ్చే ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది అని. లాక్‌డౌన్ మొదలైనప్పటి నుంచి మేము ఆ రొట్టె ముట్టలేదు, ఆ పాత్ర అందుకోలేదు. నమ్మినవాళ్లకు అది ఎంత ఆకలో వేరేవాళ్లకు చెప్పినా తెలియదు. నేను ఆమె వైపు చూశాను, నిర్ణయం ఆమెదే కావాలని గట్టిగా అనుకున్నాను. అక్క దగ్గరికే పోదాం అని ఆమె అంటే, ఆ ఆదివారం బల్లను కూడా వదులుకునేవాణ్ణే.

"ఇన్ని నెలలకు బల్ల పరుస్తున్నరు, ఇడిసిపెట్టి ఎట్ల పోతం?" అన్నది ఆమె. "ఈస్టర్‌కు పోదం. అప్పుడైతే నాలుగు రోజులు నిమ్మళంగ ఉండొచ్చు. అక్క యాడికి పోతది?"

కారు వద్దని చెప్పాను. ఆదివారం గుడికి పోయాం. ఆమె ఆడవాళ్ల వైపు కిటికీ పక్కన, నేను మగవాళ్ల వైపు స్తంభం పక్కన. రొట్టె తీసుకొని కళ్లు మూసుకున్నప్పుడు ఏదో పెద్ద బాకీ తీరినట్టు అనిపించింది. ఆ సాయంత్రం ఇంట్లో చాప మీద కూర్చున్నప్పుడు, గొంతు వచ్చింది కదా అని, నేనే ప్రార్థన మొదలుపెట్టాను. ఆమె ఆమెన్ అన్నది. అంత సులువుగా మళ్లీ పాత దారిలో పడిపోయాం. పడిపోయామని కూడా నాకు తెలియలేదు.

ఈస్టర్ నాటికి ఆ జబ్బు మళ్లీ లేచింది, ముందటి కంటే గట్టిగా. బిడ్డ ఫోన్‌లో ఏడ్చింది, కదలొద్దని. కదల్లేదు. మే నెల ఎండల్లో, రోడ్లు మళ్లీ మూసి ఉన్నప్పుడు, మక్తల్ నుంచి ఫోన్ వచ్చింది. వదినకు కరోనా కాదు. రాత్రి బువ్వ తిని పడుకున్నది, పొద్దున లేవలేదు. దేవుడు నెమ్మదైన చావే ఇచ్చాడు. మేము పోలేకపోయాం. మనుమడు ఫోన్ పట్టుకుంటే, మట్టి వేయడం బియ్యం డబ్బాకు ఆనించిన ఆ చిన్న అద్దంలోనే చూశాం. అదే చాప మీద కూర్చొని. అక్కడి ఆడవాళ్లు పాడుతుంటే, నా భార్య ఇక్కడి నుంచి కలిపి పాడింది, చరణం చివర ఆ మెలిక వేయబోయి, వేయకుండా ఆపేసింది.

దేవుడు ఆ ప్రార్థన ఎందుకు వినలేదని ఒకరిద్దరు నన్ను అడిగారు. విన్నాడనే నా విశ్వాసం. నా గొంతు తీసుకున్నది అందుకే. తాను విన్నదాన్ని నాకు వినిపించాడు, దారి తెరిచి ఒక వారం ఆపి ఉంచాడు కూడా. ఆ వారం మేము ఆయన బల్ల దగ్గరికే పోయాం. దానికి ఆయన మమ్మల్ని తప్పు పట్టి ఉండడు. కానీ ఎవరి ఇంట్లో కూర్చొని రొట్టె విరిస్తే ఆయనకు ఎక్కువ సంతోషమై ఉండేదో అని ఇప్పటికీ నన్ను నేనే అడుగుతుంటాను, జవాబు కోసం కాదు.

ఆ ఏడాది డిసెంబరులో, సంఘ పెద్ద పని ఇంకొకరికి అప్పగించి, ఈసారి పండుగకు మక్తల్ పోదామా అని అడిగాను. బియ్యంలో రాళ్లు ఏరుతున్న ఆమె తల ఎత్తకుండానే, "ఆడ ఎవరున్నరు పోను?" అన్నది. కఠినంగా అనలేదు. ఉప్పు అయిపోయింది అన్నంత మామూలుగా అన్నది. ఆ సాయంత్రం ప్రార్థన నువ్వు చెయ్యి అన్నాను, గొంతు బాగుండి కూడా.

"నువ్వే చెయ్యి. నేను ఆమెన్ అంట."

"లోపల అడుగుతవు గదా, అదే పైకి అడుగు."

ఆమె కొంగు తల మీదికి సర్దుకున్నది.

"ఇప్పుడు లోపలేం అడుగుతలేను. వట్టిగనే ఇంటున్న."

అప్పటి నుంచి నా ప్రార్థనలు పొట్టివైపోయాయి. ప్రార్థన అయ్యాక కొంచెంసేపు ఊరికే కూర్చుంటాను, ఆమె ఏమైనా అందుకుంటుందేమోనని. బయట శ్రీశైలం బస్సుల శబ్దం వినపడుతుంది, పక్కింటి గొర్రెలు దగ్గుతాయి. ఆమె ఆమెన్ అని, మోకాలి మీద చేయి ఆనించి లేచి, రొట్టెలు చేయడానికి పోతుంది. మళ్లీ చలికాలాలు వచ్చాయి, పెరట్లోకి ఎండ వచ్చింది, గవ్వలు అరలో ఉన్నాయి. ఎవరూ మా గేటు మూయలేదు గనుక మేము బయట తిరుగుతూనే ఉన్నాం. గుడిలో కుర్చీలు కూడా వచ్చాయి. పక్కన కూర్చోవచ్చని ఇప్పుడు అందరూ అంటున్నారు. వచ్చే ఆదివారం కూడా నా పక్క కుర్చీలో పుస్తకం పెట్టి ఉంచుతాను. ఆమె దాటి పోయినా పెడతాను.

నా ఈడు అన్నలారా, అక్కలారా, ఇంతదాకా ఓపికగా చదివినవాళ్లు నాతో కలిసి ఒక ప్రార్థన చేయండి. అయితే నేను మొదలుపెట్టను, మీరూ మొదలుపెట్టకండి. ఈ సాయంత్రం మీ ఇంట్లో దీపం పెట్టాక, ఎప్పుడూ చివర ఆమెన్ అనే మనిషి ఒకరు ఉంటారు కదా, ఆ మనిషిని ముందు మాట్లాడనివ్వండి. మాటలు వెతుక్కుంటుంటే అందించకండి, తొందర పెట్టకండి. గొర్రెపిల్ల కాలు గురించి అడిగినా నవ్వకండి. వాళ్లు అడగవలసినదంతా అడిగి ఆగినప్పుడు, పరలోకపు తండ్రి మనకు ఇచ్చిన గొంతుతో, మెల్లగా, పక్కనున్న మనిషికి వినపడితే చాలు అన్నంత మెల్లగా, ఆ ఆమెన్ మాత్రం మీరు అనండి.